మోకాలు దాటని పొగ

అక్టోబరు చివరి వారానికి అమెరికా ఆఫీసుల రూపు మారిపోతుంది. క్యూబికల్ గోడల మీద దూది సాలెగూళ్లు, రిసెప్షన్ బల్ల మీద కళ్లూ కోరలూ చెక్కిన గుమ్మడికాయ, బ్రేక్ రూములో చాక్లెట్ల గంపలు వెలుస్తాయి. 31వ తేదీ హాలోవీన్ నాడు చాలాచోట్ల ఉద్యోగుల పిల్లలు వేషాలు వేసుకొచ్చి, బల్లబల్లకూ తిరిగి మిఠాయిలు అడుగుతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సియాటిల్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇది దసరా, దీపావళుల సందడిలోనే కలిసిపోయిన మరో సరదా.

ఆ అలంకరణలో కొని తెచ్చి తగిలిస్తే సరిపోనిది ఒక్కటుంది: నేల మీద పాకే తెల్లటి పొగమంచు. సాలెగూడును గోడకు అంటించి మరిచిపోవచ్చు. పొగను అలా వదిలేయడానికి వీల్లేదు. పుట్టిన క్షణం నుంచి కరిగిపోయేదాకా దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. చూసేవాళ్లకు అది ఒక మీట నొక్కితే వచ్చే తమాషా. చేసేవాళ్లకు అది వేడి, చల్లదనం, బరువు, గాలివాటం అన్నీ ఒకేసారి లెక్కలోకి వచ్చే పని.

ఆ పనితనాన్ని దగ్గర నుంచి చూస్తే నాకు తోచిన విషయం ఇది. పొగ వేసే విద్యలో అందానికి ఒక చదువు, భద్రతకు మరో చదువు అంటూ లేవు. పొగ ఎటు పోతుంది, ఎంతసేపు నిలుస్తుంది, దేన్ని తాకితే చెదురుతుంది అన్నవి తెలిసిన మనిషే దాన్ని మోకాలి ఎత్తులో పరుపులా పరచగలడు. పక్కన నిలబడ్డవాళ్ల ఊపిరిని కాపాడేది కూడా ఆ తెలివే.

కనిపించేది తేమే

నేల మీద తెల్లగా కదిలేదాంట్లో కాలినదంటూ ఏమీ ఉండదు. అవన్నీ గాలిలో తేలే అతి సన్నని ద్రవ బిందువులు. వాటిని పుట్టించడానికి ఇవాళ పార్టీల్లో ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది డ్రై ఐస్. ఇది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మామూలు గాలి పీడనంలో మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది కరిగి నీరవకుండా నేరుగా వాయువైపోతుంది. వేడినీళ్లలో వేస్తే బుడబుడమంటూ తెల్లటి మేఘం పైకి పొంగి, గిన్నె అంచు దాటి కిందికి జారుతుంది. ఆ వాయువు మన కంటికి కనబడదు. దాని చల్లదనానికి నీటి ఆవిరి బిందువులుగా కూడుకుంటుంది, మనం చూసే తెలుపు ఆ బిందువులదే. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది, ఆపైన చల్లగా ఉంటుంది. అందుకే ఆ మేఘం నేలను పట్టుకుని ఉంటుంది.

రెండోది ఫాగ్ మెషీన్. ఇందులో ఒక చిన్న పంపు, కరెంటుతో వేడెక్కే లోహపు దిమ్మ, ముందువైపు సన్నని నాజిల్ ఉంటాయి. ప్రొపిలీన్ గ్లైకాల్, ట్రైఇథిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటివాటిని నీళ్లలో కలిపిన ద్రవాన్ని పంపు ఆ దిమ్మలోకి తోస్తుంది. ద్రవం ఆవిరై నాజిల్ గుండా బయటకు దూకి, గది గాలిని తాకగానే మళ్లీ బిందువులవుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీయగానే లేచే ఆవిరిది కూడా ఇదే పద్ధతి. కాకపోతే యంత్రం పుట్టించే బిందువులు మిల్లీమీటరులో వెయ్యో వంతు పరిమాణంలో ఉంటాయి, తొందరగా ఆరిపోవు. వేడిగా పుడతాయి కాబట్టి పైకి లేస్తాయి.

మూడోది అల్ట్రాసోనిక్ ఫాగర్. నీళ్లలో మునిగిన చిన్న సిరామిక్ బిళ్ల సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ అదురుకు నీటి ఉపరితలం చిట్లి సన్నని తుంపరగా లేస్తుంది. వేడి లేదు, రసాయనం లేదు.

మూడింటికీ మూడు స్వభావాలు. ఒకటి బరువుగా కిందికి దిగుతుంది, ఒకటి పైకి ఎగబాకుతుంది, ఒకటి గిన్నె దాటి ఎక్కువ దూరం పోదు. ఏ చోటికి ఏది తగుతుందో ఎంచుకోవడమే ఈ పనిలో మొదటి నేర్పు.

రంగస్థలం నుంచి వచ్చిన విద్య

ఆఫీసు పార్టీలో కనిపించే ఈ తమాషా వెనుక రెండు శతాబ్దాలకు పైబడిన రంగస్థల చరిత్ర ఉంది. 1798లో పారిస్‌లో ఎతియెన్ గాస్పార్ రాబర్ట్‌సన్ అనే ప్రదర్శకుడు చీకటి గదిలో దయ్యాల ప్రదర్శనలు మొదలుపెట్టాడు. చక్రాల మీద కదిలే దీపయంత్రంతో బొమ్మలను తెర మీదకూ పొగ మీదకూ ప్రసరింపజేసేవాడు. పొగ కదిలితే బొమ్మ కదిలినట్టే కనబడేది. మరుసటి ఏడాది ఆ ప్రదర్శనను పాడుబడిన ఒక క్రైస్తవ మఠానికి మార్చాడు. చోటు ఎంపిక కూడా ప్రదర్శనలో భాగమని ఆయనకు బాగా తెలుసు.

1876లో జర్మనీలోని బైరాయిట్‌లో సంగీతకర్త వాగ్నర్ తన నాలుగు సంగీత నాటకాల మహాకథను మొదటిసారి పూర్తిగా ప్రదర్శించినప్పుడు రంగస్థలం మీద ఆవిరి తెరలు లేపారు. అందుకోసం రైలింజన్ బాయిలర్లు వాడారు. దృశ్యం మారుతున్నంతసేపూ ఆవిరి దాన్ని కప్పేది. అయితే ఆవిరి వేడిది, బుసకొడుతుంది, పైకి లేచిపోతుంది. కప్పడానికి పనికొస్తుంది గానీ నేల మీద పరుచుకోదు.

నేలను పట్టుకుని ఉండే పొగ ఎంత గొప్ప దృశ్యం కాగలదో లోకానికి చూపించిన రంగం నా ఉద్దేశంలో ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’లోని సరస్సు. ఆ సంగీత నాటకం 1986 అక్టోబరు 9న లండన్‌లో మొదలైంది. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 1988 జనవరి 26 నుంచి 2023 ఏప్రిల్ 16 వరకు 13,981 ప్రదర్శనలు జరిగాయి. రంగాలంకరణ మరియా బ్యోర్న్‌సన్‌ది. ముసుగు మనిషి కథానాయికను పడవలో ఎక్కించుకుని పారిస్ ఒపెరా భవనం అడుగునున్న సరస్సు మీదుగా తీసుకుపోతాడు. వేదిక మీద నీటిచుక్క ఉండదు. మంచుపొగ నేలంతా పరుచుకుంటుంది, దాని మీద పడవ సాగుతుంది, పొగలోంచి కొవ్వొత్తి దీపాలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. చూసేవాళ్లకు అది నీళ్లే. ఒక్కో ప్రదర్శనకు 281 కొవ్వొత్తులు, 250 కిలోల డ్రై ఐస్, పది పొగ యంత్రాలు పనిచేసేవని నిర్మాతలే ప్రకటించారు.

ఆ 250 కిలోలను కాస్త లెక్క వేద్దాం. ఒక కిలో డ్రై ఐస్ పూర్తిగా వాయువైతే గది వేడిమి దగ్గర సుమారు 540 లీటర్లు ఆక్రమిస్తుంది. 250 కిలోలంటే 130 ఘనమీటర్లకు మించిన కార్బన్ డయాక్సైడ్. అది బరువైన వాయువు, పల్లానికి జారుతుంది. వేదిక ముందు పల్లంలో వాద్యబృందం కూర్చుంటుంది. వేదికలోని కంతల కింద పనివాళ్లుంటారు. ప్రేక్షకుడికి సరస్సు కనిపించాలంటే పొగ వేదిక అంచు వరకు నిండుగా రావాలి, అంచు దాటితే వయొలిన్ వాయించే మనిషి ముఖం మీద పడుతుంది. ఇంతటి పరిమాణంలో డ్రై ఐస్ వాడే థియేటర్లలో గాలిని లాగే ఏర్పాట్లు, వాయువును కొలిచే మీటర్లు తప్పనిసరి కావడానికి కారణం ఇదే. పొగను ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు దృశ్యం, ఊపిరి రెండూ ఒకే జవాబు కోరతాయి.

గ్లైకాల్ పొగ విషయంలోనూ ఈ పాఠం రంగస్థలం నుంచే వచ్చింది. పొగలో పాడే నటులు గొంతు మంట, దగ్గు, ముక్కు పొడిబారడం గురించి ఫిర్యాదులు చేశారు. 1990ల మొదట్లో అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ బ్రాడ్‌వే థియేటర్లలో పరీక్షలు జరిపింది. ఆ తర్వాత నటుల సంఘం యాక్టర్స్ ఈక్విటీ, నిర్మాతల సంఘం కలిసి మౌంట్ సినాయ్ వైద్య కళాశాల, ఎన్‌విరాన్ సంస్థల చేత పెద్ద అధ్యయనం చేయించాయి. 2000లో వచ్చిన ఆ నివేదిక కొలతలతో మాట్లాడింది. గాలిలో గ్లైకాల్ ఏ క్షణంలోనూ ఘనమీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదని, మినరల్ ఆయిల్ పొగ అయితే 25 మిల్లీగ్రాములు దాటకూడదని సూచించింది. యజమానులూ కళాకారులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక అంకె దగ్గర ఒప్పుకోవడం ఈ వృత్తి చరిత్రలో నేను ఎక్కువగా గౌరవించే ఘట్టం. అంతకుముందే, 1985లో, విషం కాని మెరుగైన పొగద్రవం తయారుచేసినందుకు గుంథర్ షైట్‌కూ రాస్కో లేబొరేటరీస్‌కూ ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది.

మనకూ ఈ విద్యతో బంధుత్వం ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు మాయలూ మంటలూ వానలూ వేదిక మీదికి దింపి తరాల తెలుగు ప్రేక్షకులను మురిపించాయి. మన పౌరాణిక చిత్రాల్లో ఇంద్రసభ అంటే దేవతల పాదాల చుట్టూ మేఘాలు తేలాల్సిందే. ఇవాళ హైదరాబాద్, విజయవాడ ఫంక్షన్ హాళ్లలో వధూవరులు మబ్బుల మీద నడిచొచ్చే ‘డ్రై ఐస్ ఎంట్రీ’ రిసెప్షన్‌లో మామూలైపోయింది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే లెక్కలు అమెరికా ఆఫీసుకు ఎంత అవసరమో మన పెళ్లి హాలుకూ అంతే అవసరం.

డ్రై ఐస్: గది కొలిచి తెచ్చుకోవాల్సిన వస్తువు

ఆరు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న కాన్ఫరెన్స్ రూము ఒకటి అనుకుందాం. అందులో 90 ఘనమీటర్ల గాలి పడుతుంది. తలుపులు మూసి, గాలి మారకుండా, ఒక్క కిలో డ్రై ఐస్ అక్కడ వాయువైతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ప్రతి పది లక్షల పాళ్లకు సుమారు 6,000 పాళ్లు పెరుగుతుంది. బయటి గాలిలో అది 420 పాళ్ల చుట్టుపక్కల ఉంటుంది. అమెరికాలో ఎనిమిది గంటల పనిదినానికి చట్టం ఒప్పుకునే సగటు 5,000. అదే గదిలో ఐదు కిలోలు వాడితే 30,000 దాటుతుంది. పావుగంటకు మించి ఉండకూడదని నియోష్ చెప్పే స్థాయి అది. 40,000 దగ్గర ప్రాణానికే అపాయమని అదే సంస్థ లెక్క. ఇదంతా వాయువు గదిలో సమంగా కలిసిపోయిందనుకుని వేసిన లెక్క. నిజానికి అది కింద ఎక్కువగా పేరుకుంటుంది. పెద్దవాళ్ల ముక్కు ఐదడుగుల ఎత్తులో ఉంటే, వేషం వేసుకుని పొగలోకి ఉత్సాహంగా పరిగెత్తే నాలుగేళ్ల పిల్ల ముక్కు ఎక్కడుంటుందో ఆలోచించండి.

ఈ లెక్క తెలిసినవాళ్లు చిన్న మూసిన గదిలో డ్రై ఐస్ వాడనే వాడరు. ఎత్తైన కప్పు, గాలి బాగా మారే లాబీ వంటి చోటే దానికి తగినది. వాడే పద్ధతిలో కూడా ముచ్చటైన పొదుపు కనిపిస్తుంది. నాటకశాలల్లో వాడే డ్రై ఐస్ యంత్రం ఒక డ్రమ్ము. అడుగున నీళ్లను కాచే హీటర్, పైన డ్రై ఐస్ ముక్కలు పెట్టిన బుట్ట, పక్కన లావుపాటి గొట్టం ఉంటాయి. బుట్టను వేడినీళ్లలోకి దించితే పొగ పొంగుతుంది, పైకెత్తితే తగ్గుతుంది. ఎంత లోతుకు దించాలి, ఎంత వేగంగా దించాలి అన్నది చేతివాటం. నీళ్లు చల్లబడితే ముక్కల చుట్టూ మంచు పెంకు కట్టి పొగ చచ్చిపోతుంది. కొత్తవాళ్లు అప్పుడు మరిన్ని ముక్కలు పడేస్తారు, దాంతో వాయువు పెరుగుతుంది గానీ తెలుపు పెరగదు. అనుభవమున్నవాళ్లు నీళ్లు మారుస్తారు. వేడినీళ్లతో తక్కువ డ్రై ఐస్‌కే ఎక్కువ పొగ వస్తుంది. తక్కువ వాయువు, ఎక్కువ తెలుపు.

దాన్ని తెచ్చుకోవడం, దాచుకోవడం కూడా పనిలో భాగమే. వట్టి చేత్తో తాకితే చర్మం కాలినట్టు పొక్కుతుంది, కాబట్టి మందపాటి చలి గ్లౌజులు, పట్టకారు కావాలి. మూత బిగించిన సీసాలోనో డబ్బాలోనో పెడితే వాయువు పెరిగి పేలుతుంది. మూత వదులుగా ఉండే థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పార్టీ జరిగే రోజే కొనుక్కోవాలి. కారులో తెచ్చేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి. 2018 జులైలో వాషింగ్టన్ రాష్ట్రంలో, ఐస్‌క్రీమ్ వ్యాపారి కారులో ఉంచిన డ్రై ఐస్ పెట్టెల నుంచి వెలువడిన వాయువుకు ఊపిరాడక ఒక మహిళ చనిపోయింది. 2020 ఫిబ్రవరి చివర మాస్కోలో ఒక పుట్టినరోజు విందులో, పొగ అందంగా లేస్తుందని ఈతకొలనులో 25 కిలోల డ్రై ఐస్ పోశారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రెండు చోట్లా వస్తువు మామూలుదే. అది కిందికి జారుతుందని, మూసిన చోట పేరుకుంటుందని లెక్కవేసినవాళ్లు లేకపోయారు.

పానకం గిన్నెలోంచి పొగలు రావాలన్న కోరిక హాలోవీన్ బల్లకు సహజం. కానీ డ్రై ఐస్ ముక్క ఎవరి నోట్లోకీ పోకూడదు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంట్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు. దీనికి చక్కని ఉపాయం ఒకటుంది: గిన్నెలో గిన్నె. పెద్ద గిన్నెలో వేడినీళ్లు, కొద్దిగా డ్రై ఐస్ ఉంచి, దాని మధ్యలో పానీయమున్న చిన్న గిన్నెను అమరుస్తారు. పొగ రెండు అంచుల మధ్య నుంచి పొంగి చుట్టూ జాలువారుతుంది. గరిటె లోపలి గిన్నెలోకే పోతుంది కాబట్టి ముక్క ఎవరి గ్లాసులోకీ చేరదు. దూరం నుంచి చూస్తే పానకమే పొగలు కక్కుతున్నట్టుంటుంది. అందం తగ్గకుండా అపాయాన్ని పక్కకు తప్పించిన ఇలాంటి చిన్న అమరికలే ఈ పనిలోని పాండిత్యం.

ఐస్ పెట్టెలో మలుపు

హాలోవీన్ ప్రియులు ఇళ్లలో చేసుకునే ఒక వస్తువు నన్ను బాగా ఆకట్టుకుంది. ఫాగ్ మెషీన్ పొగ వేడిది, పైకి లేస్తుంది. శ్మశానం దృశ్యానికి అది నేల మీద పాకాలి. డ్రై ఐస్ లేకుండా దాన్ని కిందికి దించడమెలా? మామూలు పిక్నిక్ ఐస్ పెట్టెతో ఈ చిక్కును విప్పారు.

పెట్టె అడుగున కొంత ఖాళీ వదిలి ఇనుప వల అమరుస్తారు. దాని మీద ఐస్ ముక్కలు నింపుతారు. పొగ ఒక పక్క పైనుంచి లోపలికి వస్తుంది, ఐస్ ముక్కల సందుల్లోంచి చల్లబడుతూ కిందికి దిగి, ఎదుటి పక్క అడుగున ఉన్న రంధ్రం నుంచి బయటకు పారుతుంది. చల్లబడిన గాలి తనంతట తాను కిందికి దిగుతుంది కాబట్టి దారి కూడా పైనుంచి కిందికే ఉండాలి. ఒక సహజ గుణానికి ఎదురు వెళ్లకుండా దాని వెంటే నడిచే నిర్మాణం ఇది.

సూక్ష్మాలన్నీ ఇంకా లోపలే ఉన్నాయి. నాజిల్‌ను పెట్టె రంధ్రానికి బిగించేస్తే ఆవిరికి గాలి అందదు, బిందువులు గోడలకు అంటుకుని నీరై కారిపోతాయి. అందుకని నాజిల్‌కూ రంధ్రానికీ మధ్య జానెడు ఎడం వదులుతారు. ఆవిరి అక్కడ గాలితో కలిసి పొగగా రూపు కట్టాకే లోపలికి పోతుంది. ఐస్ మరీ పొడిగా ఉంటే సందులు పూడిపోతాయి, మరీ పెద్ద దిమ్మలైతే పొగ చల్లబడకుండానే జారిపోతుంది. కాబట్టి గ్లాసులో వేసుకునే ముక్కల పరిమాణమే సరైనది. కరిగిన నీరు పోవడానికి అడుగున గొట్టం పెడతారు. బయటి రంధ్రం ముందు సన్నని వల వేలాడదీస్తే పొగ వేగం తగ్గి, దూకకుండా పొర్లుతుంది.

ద్రవం ఎంపికలోనూ ఇదే శ్రద్ధ. నేల పొగ కోసం త్వరగా ఆరిపోయే ద్రవాలు అమ్ముతారు. పొగ గది వేడికి మళ్లీ తేలికై లేవబోయే వేళకు బిందువులే ఆవిరైపోతాయి. కప్పును చేరే పొగ తగ్గుతుంది, శ్వాసలోకి పోయేది తగ్గుతుంది, కింద దృశ్యం చెదరదు. యంత్రం తయారుచేసినవాళ్లు చెప్పిన ద్రవం తప్ప మరొకటి పోయకూడదన్నది ఇక్కడ రాజీ లేని నియమం. ఇంట్లో కలుపుకున్న గ్లిజరిన్ ద్రవం హద్దుమీరి వేడెక్కితే అక్రోలీన్ అనే ఘాటైన విషవాయువు పుడుతుంది. కార్ల రేడియేటర్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషమే. అగరొత్తుల నూనెలు, సెంట్లు కలపడం యంత్రానికీ ఊపిరికీ చేటు.

బల్ల మీది గంగాళం

ఆఫీసులో ఒక్క పద్ధతే ఎంచుకోమంటే నా ఓటు అల్ట్రాసోనిక్ ఫాగర్‌కే. మంత్రగత్తె గంగాళంలో నీళ్లు పోసి, ఫాగర్ బిళ్లను అడుగున ఉంచితే నీటి ఉపరితలం మీద తెల్లటి తుంపర తిరుగుతూ అంచుల మీదుగా జారుతుంది. బిళ్ల మీద రెండు మూడు సెంటీమీటర్ల నీరు ఉన్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. లోతు పెరిగితే తుంపర తగ్గుతుంది, నీరు తగ్గితే బిళ్ల పాడవుతుంది. అందుకే పనితనమున్నవాళ్లు గంగాళం అడుగున మరో గిన్నె బోర్లించి, దాని మీద పళ్లెంలో కొద్ది నీటితో ఫాగర్‌ను పైకి ఎత్తి పెడతారు. తుంపర అంచుకు దగ్గరగా పుడుతుంది కాబట్టి సులువుగా పొర్లుతుంది. లోపల ఆకుపచ్చ దీపం ఒకటి చాలు.

రసాయనం లేనంత మాత్రాన అశ్రద్ధకు చోటు లేదు. ఈ తుంపర నీటిలో ఏముంటే దాన్ని గాలిలోకి మోస్తుంది. 1989లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, బొగలూసా పట్టణంలో లెజియనెయిర్స్ అనే న్యుమోనియా వ్యాపించింది. కారణం వెతికితే ఒక కిరాణా దుకాణంలో కూరగాయల మీద తుంపర చల్లే అల్ట్రాసోనిక్ యంత్రమని తేలింది. దాని నీటిలో బాక్టీరియా పెరిగింది. కాబట్టి డిస్టిల్డ్ వాటర్ వాడాలి. అందులో ఖనిజాలు ఉండవు, బల్ల మీద తెల్లటి బూడిద పడదు. పార్టీ రోజు ఉదయమే తాజాగా నింపాలి, ముగియగానే పారబోసి కడిగి ఆరబెట్టాలి. కరెంటు తీగ తడి తగలని చోట ఉండాలి. షాక్ కొట్టబోతే వెంటనే కరెంటు ఆపేసే రక్షణ ఉన్న సాకెట్‌లోనే ప్లగ్ పెట్టాలి.

వెలుగు పడే కోణం

పొగ వేయడంలో గట్టి చెయ్యి అనిపించుకున్నవాళ్లను చూస్తే ఒక విషయం తెలుస్తుంది: వాళ్లు వేసే పొగ చాలా తక్కువ. రహస్యం దీపాల్లో ఉంది. బిందువు మీద పడిన కాంతి ఎక్కువగా ముందుకే చెదురుతుంది. అంటే దీపం పొగకు అవతల, కాస్త పక్కగా, మన వైపు తిరిగి ఉంటే పలచటి పొగ కూడా చిక్కగా మెరుస్తుంది. చూసేవాళ్ల వెనుక నుంచి దీపం వేస్తే అదే పొగ పేలవంగా కనిపిస్తుంది. అది తెలియక పొగ చాలలేదనుకుని మెషీన్ మీట పట్టుకుని కూర్చుంటారు, ఐదు నిమిషాల్లో గదిలో అందరూ దగ్గుతుంటారు.

నేల దగ్గర, నడిచే దారికి అడ్డు రాని మూలలో, నీలమో ఆకుపచ్చో రంగు దీపాన్ని పొగకు సమాంతరంగా పెట్టినప్పుడు పొగ పై అంచు గీత గీసినట్టు కనబడుతుంది. ఆ గీతే మోకాలి ఎత్తు. అప్పుడు రెండు మూడు సెకన్ల విసురు చాలు, తర్వాత కొన్ని నిమిషాలు విరామం. దీపం సరిగ్గా పెట్టిన మనిషి ద్రవాన్ని ఆదా చేస్తాడు, గాలిలో గ్లైకాల్‌ను తగ్గిస్తాడు, దృశ్యాన్ని పెంచుతాడు. మూడూ ఒక్క కదలికతో అయిపోతాయి.

భవనం, మనుషులు

థియేటరుకూ ఆఫీసుకూ పెద్ద తేడా ఒకటుంది. థియేటరు పొగ కోసం సిద్ధమైన చోటు. ఆఫీసు భవనం పొగ కనిపిస్తే భయపడేలా కట్టిన చోటు. కప్పు మీద స్మోక్ డిటెక్టర్ లోపల చిన్న కాంతి కిరణం ఉంటుంది, దాన్ని చెదరగొట్టే కణాలు వస్తే అలారం మోగుతుంది. మంటల నుంచి వచ్చిన పొగకూ గ్లైకాల్ బిందువులకూ అది తేడా చెప్పలేదు. ఏసీ గొట్టాల్లోనూ డిటెక్టర్లు ఉంటాయి, కాబట్టి మన అంతస్తులో వేసిన పొగ మనకు కనిపించని చోట అలారం మోగించవచ్చు. అది మోగితే ముప్పై అంతస్తుల భవనంలోని జనమంతా మెట్లు దిగాలి, అగ్నిమాపక దళం రావాలి. ఆ సమయంలో ఊళ్లో నిజంగా మంట అంటుకున్న ఇల్లు వాళ్ల కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.

డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టేసే తెలివి ఎప్పటికీ పనితనం కాదు. సరైన దారి ముందే భవన నిర్వాహకులను కలవడం. ఏ పద్ధతి, ఏ గది, ఏ గంట అన్నది వాళ్లకు చెబితే, వీలైతే ఆ భాగాన్ని నియమాల ప్రకారం కాసేపు వేరుచేసి, అంతసేపూ మంటల కోసం కాపలా మనిషిని పెడతారు. వీలుకాదంటే గ్లైకాల్ పొగ మానుకుని గంగాళం దగ్గర ఆగడమే మర్యాద.

తర్వాత నేల సంగతి. పొగ నేలను కప్పేస్తుంది, వేషాల్లో ఉన్నవాళ్లకు పొడవాటి గౌన్లు, ముసుగులు ఉంటాయి. కాబట్టి పొగ కింద తీగ, మెట్టు, మడత పడ్డ తివాచీ ఏదీ ఉండకూడదు. తీగలను గోడ వెంబడి తీసి టేపుతో అంటించాలి. నాజిల్ ముందు ద్రవం చుక్కలు పడి నేల జారుతుంది, అక్కడ తుడిచే మనిషి ఒకరుండాలి. నాజిల్ బాగా వేడిగా ఉంటుంది, పిల్లల చేతికి అందకూడదు. బయటకు పోయే దారి గుర్తు పొగలోంచి కూడా కనబడాలి.

అన్నిటికన్నా ముఖ్యం, పక్క క్యూబికల్ మనిషి. థియేటరుకు మనం టికెట్టు కొనుక్కుని వెళ్తాం, ఇష్టం లేకపోతే మానేస్తాం. ఆఫీసుకు రాక తప్పదు. ఉబ్బసం ఉన్నవాళ్లు తమ జబ్బును నలుగురిలో చెప్పుకోవాలని లేదు. అందుకే రెండు మూడు రోజుల ముందే అందరికీ తెలపడం, గుమ్మం దగ్గర బోర్డు పెట్టడం, పొగ లేని దారి, పొగ లేని బల్ల ఒకటి ఉంచడం, అక్కడా అంతే సందడి ఉండేలా చూడడం అవసరం. కెనడాలో వినోద రంగంలో పనిచేసే 101 మంది మీద జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. పొగ యంత్రాలకు దగ్గరగా పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువగా ఉన్నట్టు అందులో కనబడింది. ఒక్క సాయంత్రానికి అంత భయం అక్కర్లేదు గానీ యంత్రం పక్కన గంటల తరబడి ఒకే మనిషిని కూర్చోబెట్టకుండా వంతులు వేసుకోవడం న్యాయం.

ఇన్ని జాగ్రత్తలు చదివాక పొగే వద్దనుకోనక్కర్లేదు. ఇవన్నీ కలిసే ఆ అందాన్ని సాధ్యం చేస్తున్నాయి. వేడినీళ్లు మార్చే చెయ్యి, నాజిల్ దగ్గర జానెడు ఎడం వదిలిన చూపు, దీపాన్ని అవతలి మూలకు జరిపిన ఆలోచన, ఉబ్బసం ఉన్న సహోద్యోగి కోసం మరో బల్ల సర్దిన మనసు, వీటిలో దేన్ని తీసేసినా పొగ చెదురుతుంది, లేదా మనిషి ఇబ్బంది పడతాడు. చాలాసార్లు రెండూ కలిసే జరుగుతాయి.

కాబట్టి వచ్చే అక్టోబరులో మీ ఆఫీసులో ఎవరైనా పొగ వేస్తానని ముందుకొస్తే, లేదా మీ ఇంటి పెళ్లిలో ఈవెంట్ వాళ్లు మబ్బుల ఎంట్రీ పెడతామంటే, మూడు ప్రశ్నలు అడగండి. ఈ గదికి ఎంత సరిపోతుంది? వేసిన పొగ చివరికి ఎటు పోతుంది? పిల్లలు ఎక్కడ ఉంటారు? తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన మనిషికే పని అప్పగించండి. ఆ మనిషి వేసే పొగ మోకాలు దాటదు, చూడటానికీ బాగుంటుంది.